చిన్న మిల్లు మీద డవ్‌టెయిల్: కట్టర్ పళ్లు పోకుండా ఎలా?

బాల్కనీ_లేత్ (బెంగళూరు): లేత్ మీద కటింగ్ టూల్‌ని పట్టి ఉంచే టూల్ పోస్ట్, దానికి తగిలించే హోల్డర్లు సొంతంగా చేసుకుందామని ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) బ్లాక్ తెచ్చా. రెండూ డవ్‌టెయిల్‌తో, అంటే పావురం తోకలా పక్కలు వాలుగా ఉండే గాడితో, ఒకదాన్లో ఒకటి కూర్చోవాలి. ఎస్పీ రోడ్డులో 60 డిగ్రీల హెచ్చెస్సెస్ (హై స్పీడ్ స్టీల్) డవ్‌టెయిల్ కట్టర్ దొరికింది, 20 ఎంఎం. మిల్లు (మిల్లింగ్ మెషిన్) బల్ల మీద పెట్టుకునే చిన్నది. నేరుగా దీంతోనే గాడి తీసెయ్యొచ్చా?

పీణ్య_ఫిట్టర్: వద్దు తమ్ముడూ. ఆ పళ్ల మొనలు సన్నం, మెటలంతా దాంతో తీయిస్తే ముందు పోయేవి అవే. ఎండ్ మిల్లుతో (పక్కలు నిటారుగా కోసే మామూలు కట్టర్) మామూలు గాడి తీసి మూలలు మాత్రం దీనికి వదులు. నిమిషానికి 20 మీటర్ల లెక్కన 320 ఆర్పీఎం దగ్గర వస్తుంది, ఇంకా తగ్గించినా పర్లేదు. కటింగ్ ఆయిల్ పోస్తూ, చిప్స్ బ్రష్‌తో ఊడుస్తూ ఉండు, లోపల ఇరుక్కుంటే పన్ను పోయినట్టే. అడుగున ఓ 0.1 ఎంఎం మెటల్ దీనికి వదిలితే ఫినిష్ బాగా వస్తుంది.

అంబత్తూర్_ఆదివారం: ఆ 0.1 సంగతి ఒప్పుకోను అన్నా. పెద్ద మెషిన్ మీద సరే, ఇలాంటి వాటి మీద అడుగు, వాలు రెండూ ఒకేసారి తగిలితే గడగడా కొట్టుకుంటుంది. నేనైతే ఎండ్ మిల్లుతోనే 0.05 ఎక్కువ లోతు తీసేస్తా, కట్టర్‌కి వాలు ఒక్కటే పని. ఒక్కో పాస్‌కి 0.2 చాలు. క్లైంబ్ (కట్టర్ పళ్లు కదిలే వైపుకే జాబ్‌ని జరపడం) మాత్రం వద్దే వద్దు, టేబుల్ స్క్రూలో ఉన్న ప్లే (వదులు) అంతా ఒక్కసారిగా లాగేస్తుంది. జెడ్ (పైకీ కిందికీ), వై (ముందుకీ వెనక్కీ) కదలకుండా లాక్ చెయ్.

పీణ్య_ఫిట్టర్: చిన్న మిల్లుకి నీ పద్ధతే మేలు, సరే.

బాల్కనీ_లేత్: మరి కొలత? వెర్నియర్ దవడలు ఆ మూలలోకి పోవు కదా.

అంబత్తూర్_ఆదివారం: రెండు మూలల్లో చెరో రోలర్ (నున్నటి గుండ్రటి కడ్డీ) పెట్టి కొలవాలి. 60 డిగ్రీలకి రోలర్ సైజుని 2.732తో గుణించు, 6 ఎంఎం అయితే 16.39. పోస్ట్ మీది మగ (బయటికి పొడుచుకొచ్చిన) డవ్‌టెయిల్‌కి మెడ (సన్నటి మొదలు) వెడల్పుకి ఇది కలిపితే రోలర్ల బయటి కొలత, హోల్డర్ గాడికి అడుగు వెడల్పులోంచి తీసేస్తే రోలర్ల మధ్య దూరం. ఇందులో సుఖం ఏంటంటే టేబుల్ 0.1 జరిపితే మైక్రోమీటర్ మీదా 0.1 మారుతుంది, మళ్లీ లెక్కలక్కర్లేదు. కానీ 6 ఎంఎం రోలర్ వాలుని తాకేది అడుగు నుంచి 4.5 ఎత్తులో, నీ డవ్‌టెయిల్ లోతు 4 అయితే 5 ఎంఎం రోలర్ వాడు.

బాల్కనీ_లేత్: రోలర్లు లేకపోతే డ్రిల్ బిట్ల వెనక భాగం పనికొస్తుందా?

పీణ్య_ఫిట్టర్: పనికొస్తుంది కానీ మీద రాసిన సైజు నమ్మకు, మైక్రోమీటర్‌తో చూసి ఆ అంకెనే 2.732తో గుణించు. డోవెల్ పిన్నులు (కచ్చితమైన సైజులో వచ్చే స్టీల్ కడ్డీలు) ఓ జత కొనుక్కుంటే ఆ గొడవా ఉండదు.