డాక్టర్ హూ కొత్తవాళ్లకి ముందు ఏ ఎపిసోడ్ పెట్టాలి?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఈ శనివారం రాత్రి మా రూమ్మేట్లకి డాక్టర్ హూ అంటించాలని నా పట్టుదల. 1963లో మొదలైన బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్, మొదటి నుంచీ అంటే ఎవరూ కూర్చోరు. నా ఓటు 2007 నాటి 'బ్లింక్'కి. రెప్ప వేస్తే చాలు మీదికొచ్చే రాతి దేవదూతలు, పాత కథ తెలియక్కర్లేదు. కానీ అందులో అసలు హీరో డాక్టర్ కనిపించేదే కాసేపు! మా వదినేమో 2010లో వచ్చిన, చిత్రకారుడు వాన్ గో ఉన్న ఎపిసోడే పెట్టమంటోంది, ఆ మ్యూజియం సీన్‌కి ఏడవనివాళ్లు మనుషులే కాదట. నాకు ప్రాణం 'హెవెన్ సెంట్'. అయితే దాదాపు గంటసేపు డాక్టర్‌గా వేసిన కపాల్డీ ఒక్కడే నడిపించేది కొత్తవాళ్లకి ఎక్కుతుందా? పైగా వీళ్లలో ఇద్దరికి భయపెట్టేవి పడవు. అలాంటివాళ్లకి మీరు ముందు ఏది చూపించారు? రెండోది వాళ్లే అడిగారా?