బొమ్మలకు ముందు బజారా, చెట్టా?

వరాహతీరం (చర్చ ప్రారంభం):
2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ ఏటికొప్పాక బొమ్మల శకటాన్ని ప్రదర్శించి మూడో బహుమతి అందుకుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే ముద్ర, జీఐ) వచ్చింది. వాటికి సహజ రంగులను తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ దక్కింది. గౌరవాలలో లోటేమీ లేదు. అయితే సుస్థిర అభివృద్ధికి దోహదపడేలా సంస్కృతిని అన్ని స్థాయుల అభివృద్ధి విధానాలలో కలపాలని సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యంపై 2005 నాటి యునెస్కో ఒప్పందం 13వ అధికరణం కోరుతుంది, మన దేశం 2006లో దానిని ఆమోదించింది కూడా. ఏటికొప్పాకకు అంకుడు కర్ర, కొండపల్లికి తెల్ల పొణికి కర్ర ఎక్కడి నుంచి వస్తాయో పట్టించుకోని విధానం ఆ మాట నిలబెట్టుకున్నట్టేనా?

లెక్కలపుస్తకం:
నిలబెట్టుకోవడం మొదలయ్యేది అమ్మకంతోనే అని నా అభిప్రాయం. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయినప్పుడు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. లేకపోతే ఇంటి అరుగు మీద పని చేసుకునేవారు ప్రయోగశాల పరీక్షల ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారు? గుర్తింపు కేవలం అలంకారం కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. చేతికి కూలి గిట్టుబాటు కానప్పుడు ఎన్ని మొక్కలు నాటినా అవి పొయ్యిలోకే పోతాయి.

అడవిబాట:
మినహాయింపు మేలు చేసిందన్న మాట నిజమే, కాదనను. కానీ పని జరిగే తీరు ఒకసారి చూడండి. కొండపల్లిలో పొణికి కర్రను సన్నసెగ మీద ఆరబెట్టి, చెక్కి, చేతులూ తలా వేరుగా చేసి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసిన తరువాతే రంగు వేస్తారు. ఏటికొప్పాకలో లేత్ మీద తిరిగే అంకుడు కర్రకు లక్కను ఒత్తిపెడితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది; పైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. తేలికగా, మెత్తగా ఉండే ఆ కర్రలను బట్టే ఈ పనితనం రూపుదిద్దుకుంది. అంకుడు నరికిన మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి దాని సంగతి కొంత నయం. పొణికి గింజ పెంకు గట్టిది, అంత సులువుగా మొలకెత్తదు. అలాంటప్పుడు గిరాకీ పెంచడమంటే అడవి మీద భారం పెంచడమే.

అసలు చిక్కు మరొకటి ఉంది. గుర్తింపు వాణిజ్య మంత్రిత్వ శాఖ కిందది, కళాకారుడు జౌళి శాఖ కిందివాడు, చెట్టు అటవీ శాఖది. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాల్సిన సాంస్కృతిక విధానమేమో శకటం దగ్గరే ఆగిపోతోంది (శకటం బాగుందనే అంటాను).

లెక్కలపుస్తకం:
అయితే రైతుల చేత గట్ల మీద పెంచిద్దాం. కొనుగోలు ధర ముందే ఖాయం చేస్తే పెంచడానికి ముందుకు వస్తారు.

అడవిబాట:
చెట్టు కోతకు వచ్చేదాకా రైతును ఎవరు పోషిస్తారో కూడా ఆ ఒప్పందంలోనే రాయాలి. నా ప్రతిపాదన వేరు. భౌగోళిక గుర్తింపును పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి గదా. ఆ సమయంలో ఎంత కర్ర వాడారు, ఎన్ని చెట్లు పెంచారు అన్న లెక్కను కూడా జతపరచాలని నిబంధన పెట్టాలి.

వరాహతీరం:
ఈ నిబంధనతో నాకు పేచీ ఉంది. రిజర్వు అడవిలో మొక్క నాటే అధికారం కళాకారుల సంఘానికి లేదు. అటవీ శాఖ నాటకపోతే గుర్తింపు పోగొట్టుకునేది బొమ్మ చేసేవాడు, దానితో పాటు గుర్తింపు వల్ల వచ్చిన, మీరిద్దరూ ఒప్పుకున్న ఆ మినహాయింపు కూడా పోతుంది. లెక్క చూపవలసిన బాధ్యతను ముందు ఆ శాఖ మీద పెట్టండి, తరువాత సంఘాన్ని అడుగుదాం.