మిరప ఆకుముడత గుర్తించే ఏఐ ప్రాజెక్టు, సలహా కావాలి

అన్నలూ అక్కలూ, నేను తొమ్మిదో తరగతి, మాది గుంటూరు పక్కన పల్లెటూరు. సైన్స్ ఫెయిర్ కోసం మిరప ఆకు ఫోటో చూసి అది తామర పురుగు వల్ల వచ్చే పై ముడతా, నల్లి వల్ల వచ్చే కింది ముడతా అని చెప్పే మోడల్ టీచబుల్ మెషీన్‌లో (కోడింగ్ లేకుండా ఏఐ మోడల్ చేసుకునే గూగుల్ వెబ్‌సైట్) చేస్తున్నా, రెండింటికీ మందులు వేరు కదా. ప్లాంట్‌విలేజ్ అనే పంట ఆకుల ఫోటోల సేకరణలో 54 వేల ఫోటోలున్నా మిరపకి దగ్గరిది బెల్ పెప్పర్ (క్యాప్సికం) ఒక్కటే, అందులో ముడత లేనే లేదు. పైగా అన్నీ తెంపిన ఆకులు, సాదా బ్యాక్‌గ్రౌండ్. 2016లో వాటితో చేసిన మోడల్‌కి 99 శాతం దాటిందట, బయటి ఫోటోలిస్తే 31కి పడిపోయిందట! అందుకే చేలోనే ఫోన్‌తో తీస్తున్నా.

ఇప్పుడు నా డౌట్లు. ఒకే మొక్క ఫోటోలు ట్రైనింగ్‌లో, టెస్ట్‌లో రెండింటిలో పడకూడదంటున్నారు, మరి చేను మొత్తాన్నే టెస్ట్‌కి పక్కన పెట్టాలా? బాగున్న ఆకులు, బొబ్బర తెగులు (వైరస్ వల్ల వచ్చేది) కూడా కలపాలా, లేక రెండే చాలా? జడ్జిలకి ఒట్టి శాతం కాకుండా ఏం చూపిస్తే బాగుంటుంది? అసలు టెన్షన్ ఏంటంటే హాల్లో నెట్ ఉండదట, ఆఫ్‌లైన్‌లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ మీద నడపడం ఎలాగో ఎవరైనా చెప్పండి ప్లీజ్.