అప్‌డేట్: ఆ 67 లాట్లలో మిక్మాక్‌ల ఊళ్లు ఎక్కడ?

కిందటి నెల నేను అడిగినది ఇది: కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి తొలి బ్రిటిష్ సర్వే పటంలో అక్కడి మూలవాసులైన మిక్మాక్‌ల నివాసాలు ఏ లాటులో (కొలిచి విడదీసిన భూమి ముక్కలో) పడ్డాయి? ‘లాటు కోసం కాదు, లెనాక్స్ దీవి కోసం వెతకండి’ అన్నవారికి ధన్యవాదాలు. తాళంచెవి అక్కడే, ఆ తీరం పక్కనున్న ఆ చిన్న దీవిలోనే దొరికింది.

బ్రిటిష్ సర్వేయర్ శామ్యూల్ హాలండ్ 1764-65లో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిని కొలిచి, ఒక్కొక్కటి సుమారు 20,000 ఎకరాల చొప్పున 67 లాట్లుగా కోశాడు. 1767 జులైలో లండన్‌లో ఒక్క రోజులో లాటరీ తీసి దాదాపు అన్నీ పంచేశారు. ఆ పంపకంలో, తరతరాలుగా ఈ దీవిని ఎపెక్విట్క్ అని పిలుచుకుంటున్న మిక్మాక్‌లకు ఒక్క లాటూ లేదు. బ్రిటిష్ వారితో చేసుకున్న శాంతి ఒప్పందాలలో వాళ్లు భూమిని వదులుకున్నదీ లేదు!

నన్ను ఆపేసింది గొలుసు. ఆనాటి సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, లింకులు వంద. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన సెంటు లెక్క కూడా దానికి చుట్టమే. వేసవిలో తీరానికి, చలికాలంలో అడవిలోకి కదిలే మిక్మాక్‌ల జీవనం ఆ లెక్కలో ఎక్కడ ఇముడుతుంది? అందుకే నేను ‘ఏ లాటు’ అని అడగడమే పొరపాటు.

లెనాక్స్ దీవి మాత్రం భూస్వాముల చేతుల్లోనే ఉండి, 1870లో ఒక బ్రిటిష్ సంఘం కొన్న తర్వాతే మిక్మాక్‌ల కోసం నిలిచింది. ఇప్పుడు ఆ అమ్మకపు దస్తావేజు కోసం వెతుకుతున్నాను.