అంటార్కిటికాలో ఒక శీతకాలం: తమ్ముణ్ణి పంపవచ్చా?

వార్ధా ఒడ్డు (రాజురా, చంద్రపూర్ జిల్లా):

అందరికీ నమస్కారం. మా తమ్ముడు డీజిల్ జనరేటర్ల మెకానిక్. పదకొండేళ్లుగా బల్లార్‌షా, రాజురా చుట్టుపక్కల బొగ్గు గనుల దగ్గర పని చేస్తున్నాడు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం అంటార్కిటికాలోని మన స్థావరాల కోసం శాస్త్రవేత్తలతో పాటు మెకానిక్కులను, వెల్డర్లను, వంటవాళ్లను కూడా తీసుకుంటుందని తెలిసి దరఖాస్తు పెట్టాడు. ఇంటర్వ్యూలో ఎంపికయ్యాడు. ఇక ఢిల్లీలో వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలిలో మంచు మీద శిక్షణ మిగిలి ఉన్నాయి. వెళ్తే మాత్రం వేసవి బృందంతో తిరిగి వచ్చే పని కాదు. చలికాలమంతా మైత్రి స్థావరంలోనే ఉండి, ఏడాది దాటిన తరువాతే ఇంటికి వస్తాడు.

మే నెలలో నలభై ఆరు, నలభై ఏడు డిగ్రీల ఎండకు అలవాటుపడిన మాకు, సున్నాకు కింద ఎనభై తొమ్మిది డిగ్రీలనే మాట వింటేనే గుండె జారిపోతోంది. అమ్మ రెండే ప్రశ్నలు అడుగుతోంది. అక్కడ జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? అసలు ఆ మంచులో మనకు ఏముందని పోవాలి? నేను అక్కనైనా రెండింటికీ సమాధానం చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

పాత పానా (బల్లార్‌షా):

అమ్మా, నేను మైత్రిలో ఒక చలికాలం పూర్తిగా గడిపాను. ఇరవై ఏళ్లు దాటింది. నా పని కూడా జనరేటర్లే కాబట్టి మీ అమ్మగారి మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత నాది అనుకుంటున్నాను.

ముందుగా, మీరు విన్న ఎనభై తొమ్మిది డిగ్రీలు మైత్రివి కావు. అవి ఖండం లోపల, సుమారు మూడున్నర వేల మీటర్ల ఎత్తులో ఉన్న వోస్తోక్ అనే రష్యా స్థావరంలో 1983 జూలై 21న నమోదయ్యాయి. మన మైత్రి సముద్రానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతి నేల మీద ఉంది. 1983-84లో కట్టిన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రి తేలే మంచు పలక మీద ఉండి కొన్నేళ్లకే మంచులో కూరుకుపోవడంతో, దీన్ని రాతి మీద నిలబెట్టారు. గడ్డు రోజుల్లో ఇక్కడ చలి సున్నాకు కింద ముప్పై దాటుతుంది. చలికన్నా గాలి కష్టం. మంచు తుఫాను లేచినప్పుడు చాచిన చెయ్యి కనిపించదు, రోజుల తరబడి గుమ్మం దాటడానికి ఉండదు. మే చివర నుంచి జూలై చివర దాకా సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం పూట ఉత్తర దిక్కున కాసేపు ఎర్రటి వెలుగు కనబడి పోతుంది, అంతే.

అక్కడ జనరేటర్ అంటే దీపం మాత్రమే కాదు. గదిలో వెచ్చదనం, ప్రియదర్శిని సరస్సు నుంచి వచ్చే నీళ్లు, వంట, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. నిద్రలో కూడా దాని చప్పుడు చెవిలో ఉంటుంది. ఆ చప్పుడు కాస్త మారితే చాలు, వంటాయనతో సహా అందరూ లేచి కూర్చుంటారు. ఒకసారి బయట బండి కింద బోల్టు బిగిస్తూ, పట్టు దొరకడం లేదని తొందరపడి చేతి తొడుగు తీశాను. పానా వేళ్లకు అతుక్కుపోయింది. లాగితే చూపుడు వేలి కొన చర్మం పానా మీదే ఉండిపోయింది. రక్తం వెంటనే రాలేదు, లోపలికి వచ్చి వెచ్చబడ్డాక వచ్చింది. మీ తమ్ముడికి పని వచ్చు, కానీ తొందరపడకుండా పని చేయడం అక్కడ కొత్తగా నేర్చుకోవాలి.

ఇక జబ్బు సంగతి. స్థావరంలో డాక్టరు ఉంటారు, చిన్న ఆపరేషన్లకు ఏర్పాటు ఉంటుంది. అయితే మార్చి తరువాత నవంబరు దాకా ఓడ రాదు, విమానం దిగడం కూడా దాదాపు అసాధ్యం. మైత్రికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని రష్యా స్థావరం నోవోలజరేవ్‌స్కయాలో 1961 ఏప్రిల్ 30న లియొనీద్ రోగజోవ్ అనే 27 ఏళ్ల డాక్టరు తన అపెండిక్స్‌ను తానే కోసి తీసుకున్నాడు. పదమూడు మందిలో ఆయన ఒక్కడే డాక్టరు. స్నేహితులు అద్దం, పనిముట్లు పట్టుకున్నారు. సుమారు గంటా ముప్పావు పట్టింది, రెండు వారాల్లో మళ్లీ పనిలో చేరాడు. భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఇటువంటి చోటు కాబట్టే వైద్య పరీక్షలు అంత గట్టిగా ఉంటాయి, వాటిలో ఏదీ దాచవద్దు. ముఖ్యంగా పుచ్చిన పన్ను ఏదైనా ఉంటే ఇప్పుడే చూపించుకోమనండి.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. నేను అక్కడ ఉండగా ఆగస్టులో మా నాన్నగారు పోయారు. వార్త ఫోనులో విన్నాను, రాలేకపోయాను. తలకొరివి మా చిన్నాన్న కొడుకు పెట్టాడు. ఇటువంటిది జరిగితే ఎవరు ఏమి చేయాలో వెళ్లేముందే అనుకుని ఉంటే, ఆ రాత్రి నాకు కొంత తేలికగా ఉండేది.

సిరివంచ మాస్టారు (గడ్చిరోలి జిల్లా):

అమ్మగారి రెండవ ప్రశ్న నన్ను కదిలించింది. నేను కాలేజీలో భూగర్భ శాస్త్రం చెబుతాను. ఆ మంచులో మనకు ఏముందో మీ రాజురా గనుల్లోనే చూపించవచ్చు. బొగ్గు పొరను ఆనుకుని ఉండే బూడిద రంగు రాతి పలకను జాగ్రత్తగా చీల్చితే, కొన్నిసార్లు నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు కనిపిస్తుంది. నడిమి ఈనె, దాని నుంచి పక్కలకు వల అల్లినట్టు సాగే సన్నని ఈనెలు అన్నీ స్పష్టంగా ఉంటాయి. దాని పేరు గ్లాసోప్టెరిస్. ఇరవై ఐదు కోట్ల సంవత్సరాలకు పూర్వపు ఆ చెట్ల అడవులే మన బొగ్గు అయ్యాయి.

1912 జనవరి 17న దక్షిణ ధ్రువం చేరిన బ్రిటన్ కెప్టెన్ స్కాట్ బృందం, నార్వేకు చెందిన అముండ్సెన్ అంతకు నెల రోజుల ముందే, 1911 డిసెంబరు 14న అక్కడికి వచ్చి వెళ్లాడని తెలుసుకుని తిరుగుదారి పట్టింది. ఆకలితో, గడ్డకట్టిన కాళ్లతో బండిని తామే లాగుతూ కూడా, బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఏరిన సుమారు 16 కిలోల రాళ్లను వారు వదల్లేదు. దారిలో ఇద్దరు పోయారు. మిగిలిన ముగ్గురి శరీరాలు ఆ నవంబరులో గుడారంలో దొరికినప్పుడు, ఆ రాళ్లూ వారితోనే ఉన్నాయి. వాటిలో గ్లాసోప్టెరిస్ ఆకుల అచ్చులు ఉన్నాయి. మోయలేని స్థితిలో మోసిన ఆ రాళ్ల గురించి తరగతిలో చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

ఆ చెట్టు గింజలు సముద్రాలు దాటేవి కావు. అంటే ఆ నేల, ఈ నేల ఒకప్పుడు ఒకటే. సుమారు పదమూడు కోట్ల సంవత్సరాల క్రితం విడిపోయిన ఆ మహాఖండాన్ని ప్రపంచమంతా గోండ్వానా అంటోంది. ఆ పేరు మన గోండుల నేలది, చందా (నేటి చంద్రపూర్) కోట కట్టిన గోండు రాజులది. మైత్రి దగ్గర ఈ ఆకులు దొరకవు, అక్కడివి ఇంకా పాత స్ఫటిక శిలలు. అంటార్కిటికాలో దూరాన పర్వతాల్లో ఉన్న బొగ్గును తవ్వడం కూడా 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం నిషిద్ధం. మీ తమ్ముడు వెళ్లేది పరాయి చోటికి కాదని మాత్రం అమ్మగారికి చెప్పండి.

గోదారి పిల్ల (సిరివంచ):

అక్కా, ఒక చిన్న మాట. ఇస్రోకు చెందిన మంగళా మణి గారు 56 ఏళ్ల వయసులో, 2016-17లో, మన ఇంకో స్థావరం భారతిలో 403 రోజులు ఉండి వచ్చారు. 23 మంది బృందంలో ఆమె ఒక్కరే మహిళ. అక్కడి ఇస్రో కేంద్రం ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుని హైదరాబాదు పక్కనున్న షాద్‌నగర్‌కు పంపుతుంది.

వార్ధా ఒడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అన్నీ అమ్మకు చదివి వినిపించాను. రోగజోవ్ సంగతి రెండుసార్లు చదివించుకుంది. పాత పానా గారి నాన్నగారి విషయం విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తమ్ముణ్ణి పిలిచి, తనకేమైనా అయితే మా పెద్దనాన్న కొడుకు అన్నీ చేస్తాడని, ఆ సంగతి తానే ఆయనతో మాట్లాడతానని చెప్పింది. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. మాస్టారూ, ఈ ఆదివారం గని దగ్గర ఆ ఆకు రాయి కోసం వెతుకుతామంటున్నాడు, దొరికితే ఫొటో పెడతాను. కింది దవడలో ఒక పన్ను పాడైందట, ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. బుధవారం చంద్రపూర్ తీసుకెళ్తున్నాను.