అప్పు చేసి డ్రోన్ పైలట్ కోర్సు చేయొచ్చా? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు చెప్పండి

పాకాల కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. డిగ్రీ అయి రెండేళ్లయింది, తిరుపతిలో ఒక మొబైల్ షాపులో చేస్తున్నాను. డ్రోన్ పైలట్ కోర్సు చేస్తే నెలకు నలభై వేలు గ్యారంటీ అని ఒక శిక్షణ సంస్థ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఐదు రోజుల కోర్సు, ఫీజు 55 వేలు. ఈసారి మామిడి డబ్బులు అంతంతమాత్రమే. అమ్మ గాజులు కుదువ పెడతానంటోంది. సర్టిఫికెట్ చేతికొస్తే నిజంగా పని దొరుకుతుందా?

ఏర్పేడు డ్రోన్:
తమ్ముడూ, అమ్మ గాజుల జోలికి పోవద్దు. నేను సర్టిఫికెట్ తీసుకుని రెండేళ్లు దాటింది. ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు వరికి మందు కొడుతున్నాను.

ఆ ఐదు రోజుల్లో నేర్పేది ఎగరేయడం, దించడం, రూల్స్. మందు కొట్టడం పొలంలోనే నేర్చుకోవాలి. మొదటి సీజన్లో పొడి మందు సరిగ్గా కలపకుండా ట్యాంకులో పోశాను. రెండు మడులు దాటేసరికి ఒక నాజిల్ పూడుకుపోయింది. గట్టు మీద నుంచి చూస్తే డ్రోన్ బాగానే తిరుగుతోంది, కానీ ఒక పక్క చుక్క పడటం లేదు. వారం తర్వాత చూస్తే అంతమేర పురుగు అలాగే ఉంది. ఆ రైతుకు డబ్బు తిరిగిచ్చి, నా ఖర్చుతో మందు తెచ్చి మళ్లీ కొట్టాను. అప్పటి నుంచి మందు ముందు బకెట్లో కలిపి, పాత పంచె గుడ్డలో వడగట్టాకే ట్యాంకులో పోస్తున్నాను.

ఇక సంపాదన. పది లీటర్ల ట్యాంకుతో ఎకరా ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. నేను ఎకరాకు నాలుగైదు వందలు తీసుకుంటాను. కాగితం మీద గుణిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ పొద్దున ఆరుకు మొదలుపెడితే పదికల్లా గాలి లేస్తుంది, ఆపేయాల్సిందే. ఒక బ్యాటరీ సెట్టు రెండు ట్యాంకులకు మించి రాదు. వేడిగా దిగిన బ్యాటరీ చల్లారేదాకా చార్జింగ్ పెట్టకూడదు. అందుకే నాలుగైదు సెట్లు, జనరేటరు, అవన్నీ మోయడానికి ఆటో, తోడు ఒక మనిషి కావాలి. పైరు ఉన్న రెండు నెలలూ తీరిక ఉండదు, తర్వాత ఫోన్ మోగదు. నేను ఎగరేసేది రైతు సంఘం డ్రోన్. దాని భాగం, ఖర్చులు పోను నాకు మిగిలేది కూలి కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

చిత్తూరు స్టూడియో:
అన్నా, నువ్వు చెప్పింది మందు డ్రోన్ సంగతి. సర్టిఫికెట్టే దండగ అన్నట్టు తమ్ముడికి వినిపిస్తుంది, అది తప్పు. నేను పెళ్లి షూటింగులకు నాలుగేళ్లు సర్టిఫికెట్ లేకుండానే ఎగరేశాను. ఒక రిసెప్షన్లో డ్రోన్ సీరియల్ లైట్ల తీగకు తగిలి జనం మధ్యలో పడింది. పెళ్లికూతురు మేనమామ చెయ్యి తెగి ఆరు కుట్లు పడ్డాయి. నా దగ్గర సర్టిఫికెట్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. ఆసుపత్రి ఖర్చంతా భరించి, చేతులు జోడించి బయటపడ్డాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాతి నెలలోనే కోర్సులో చేరాను. ఇప్పుడు క్వారీల కొలతలకు, కాలేజీల వీడియోలకు పిలుస్తున్నారు. వాళ్లు మొదట అడిగేది సర్టిఫికెట్ నంబరే. నా ఫీజు ఆరు నెలల్లో తిరిగొచ్చింది.

ఏర్పేడు డ్రోన్:
సర్టిఫికెట్ దండగ అని నేను అనలేదు తమ్ముడూ. నీకు అప్పటికే స్టూడియో ఉంది, కెమెరా పని వచ్చు, గిరాకీ ఉంది. ఈ పిల్లవాడికి అవేవీ లేవు. తేడా అక్కడుంది.

పద్మావతీపురం:
రూల్స్ వరకు నేను చెబుతాను. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉంటే చాలు. 2022 సవరణతో లైసెన్స్ అనే మాట పోయి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అయింది, పదేళ్లు చెల్లుతుంది. 250 గ్రాముల లోపు నానో డ్రోనుకు అది అక్కర్లేదు. రెండు కిలోల లోపు డ్రోన్ సరదాకు ఎగరేసినా అక్కర్లేదు, డబ్బు తీసుకుంటే మాత్రం కావాలి. ఫీజు కట్టే ముందు ఆ సంస్థకు డీజీసీఏ, అంటే కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ, గుర్తింపు ఉందో లేదో వాళ్ల సైటులో చూసుకో.

మన ఊళ్లో ఇంకో సంగతి. రేణిగుంట విమానాశ్రయం చుట్టూ 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేనిదే ఎగరేయకూడదు. 8 నుంచి 12 మధ్య అనుమతి లేకుండా 200 అడుగుల ఎత్తు దాటకూడదు. తిరుమల కొండ మీద ఎవరు అడిగినా, ఎంత ఇస్తానన్నా డ్రోన్ తీయొద్దు. దాని మీద నిషేధం ఉంది.

బంగారుపాళ్యం రైతు:
మామిడికి డ్రోన్ పనికొస్తుందని ఆశపడి మొన్న పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టించాను. పై ఆకులు తడిశాయి, లోపలి కొమ్మలకు, ఆకుల అడుగుకు మందు చేరలేదు. నాలుగో రోజు ట్రాక్టర్ స్ప్రేయరుతో మళ్లీ కొట్టాను. వరికి, చెరుకుకు బాగుంటుందేమో. నాయనా, మీ పాకాల చుట్టూ ఉండేది ఎక్కువగా మామిడే కదా, ఎవరికి కొడతావు?

శ్రీకాళహస్తి అక్క:
తమ్ముడూ, మీ అమ్మ డ్వాక్రా సంఘంలో ఉన్నారా? నమో డ్రోన్ దీదీ పథకంలో సంఘానికి డ్రోన్ ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల వరకు కేంద్రం ఇస్తుంది. సంఘంలో ఒకరికి 15 రోజుల పైలట్ శిక్షణ. రిపేరు పనిమీద ఆసక్తి ఉన్న సంఘం మనిషి ఇంకొకరికో, వాళ్ల ఇంటి వాళ్లలో ఒకరికో సహాయకుడిగా శిక్షణ ఇస్తారు. నేను అలాగే నేర్చుకున్నాను, మా తమ్ముడు నాకు తోడు. అందరికీ రాదు, కానీ గాజులు బ్యాంకులో పెట్టే ముందు డ్వాక్రా సంఘాల పని చూసే వెలుగు ఆఫీసుకు వెళ్లి ఒక్కసారి అడగండి.

ఇంకొకటి. రైతులు మొదట్లో నమ్మరు. చేతి పంపుతో ఎకరాకు 150 లీటర్ల నీళ్లు పోసేవాళ్లకు, మనం పది లీటర్లతో ముగిస్తే మోసం చేశామనిపిస్తుంది. నేను మొదటి పొలంలో పైరు మధ్య తెల్ల కాగితాలు పెట్టి, పడిన చుక్కలు చూపించాను.

పాకాల కుర్రాడు:
అందరికీ ధన్యవాదాలు. అమ్మ సంఘంలోనే ఉంది, సోమవారం ఇద్దరం వెలుగు ఆఫీసుకు వెళ్తాం. నలభై వేల గ్యారంటీ కాగితం మీద రాసిమ్మని శిక్షణ సంస్థను అడిగాను. అప్పటి నుంచి వాళ్ల ఫోన్ రాలేదు. ఏర్పేడు అన్నా, ఒక రోజు మీతో పొలానికి రావచ్చా? కూలి వద్దు.

ఏర్పేడు డ్రోన్:
ఆదివారం పొద్దున ఐదున్నరకు ఏర్పేడు రైల్వే స్టేషన్ దగ్గర ఉండు. పాత చొక్కా వేసుకో, మూతికి మాస్క్ తెచ్చుకో. టిఫిన్ మా ఇంట్లోనే.