ఎస్‌ఎంపీఎస్ పోతే బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ఖమ్మం_పీసీ:
మొన్న కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి డెస్క్‌టాప్ ఆన్ కావట్లేదు. ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది, మళ్లీ ఆగుతుంది, అంతే. మెకానిక్ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) విప్పి, రెండు కెపాసిటర్లు ఉబ్బాయి, నాలుగొందలిస్తే మార్చేస్తానన్నాడు. మా బావేమో ఎస్‌ఎంపీఎస్ ఎవడైనా బాగు చేయిస్తాడా, పారేసి కొత్తది కొను అంటాడు. ఆరేళ్ల నాటిది, పైన 450 వాట్లు అని ఉంది. ఏం చేయమంటారు?

సోల్డర్‌పొగ:
మీ బావగారి మాట పక్కన పెట్టండి. అసలు తప్పు ఎస్‌ఎంపీఎస్‌దేనా అన్నది ముందు తేలాలి. మదర్‌బోర్డు నుంచి, అన్ని కార్డుల నుంచి దాని వైర్లు పూర్తిగా తీసేసి, ఒక పాత హార్డ్ డిస్క్ మాత్రం లోడుగా తగిలించి, ఆకుపచ్చ వైరును ఏదో ఒక నల్ల వైరుకు కలపండి. ఫ్యాన్ ఆగకుండా తిరిగి, పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉంటే మదర్‌బోర్డు వైపు కూడా అనుమానించాలి. లేదంటే కెపాసిటర్లే. కెపాసిటర్ ఎండితే ఈఎస్‌ఆర్ (దాని లోపలి నిరోధం) పెరుగుతుంది, రిపుల్ (డీసీ వోల్టేజి మీద మిగిలే అలలు) పెరుగుతుంది, ప్రొటెక్షన్ కట్ చేసేస్తుంది. పది ఇరవై రూపాయల పార్టు కోసం డబ్బా మొత్తం చెత్తలో వేస్తారా?

లోడ్‌టెస్టర్:
మీటర్‌లో 12 కనిపిస్తే బాగైపోయినట్టేనా? మామూలు మల్టీమీటర్ సగటు చూపిస్తుంది, రిపుల్ చూపించదు. పీసీ పవర్ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ స్పెసిఫికేషన్ ప్రకారం 12 వోల్టుల లైన్ మీద రిపుల్ 120 మిల్లీవోల్టులు, 5 వోల్టుల మీద 50 దాటకూడదు. అది చూడాలంటే వోల్టేజి అలలను తెర మీద చూపే ఆసిలోస్కోప్ కావాలి, లోడు కావాలి. నాలుగొందలు తీసుకునే మనిషి అవన్నీ పెట్టి చూస్తాడా? ఫ్యాన్ తిరిగితే చాలు, ఇచ్చేస్తాడు. రేపు ఆ సప్లై మదర్‌బోర్డును పట్టుకుపోతే ఎవరిది బాధ్యత?

సోల్డర్‌పొగ:
కొత్తది కొన్నప్పుడు మాత్రం ఆసిలోస్కోప్ పెట్టి చూసి కొంటున్నారా అండీ? అట్టపెట్టె మీద బొమ్మ చూసి కొంటున్నాం.

కోఠీ_బెంచ్:
ఇద్దరూ మెకానిక్‌ను చెరోవైపు లాగుతున్నారు కాబట్టి ఆ పని చేసేవాడిగా నేనూ ఒక మాట చెప్తా. నా దగ్గరికి వచ్చేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, సెకండరీలో, అంటే కంప్యూటర్‌కు 12, 5 వోల్టులు ఇచ్చే వైపు, కెపాసిటర్లు ఉబ్బినవి. వాటి బదులు 105 డిగ్రీల వేడి తట్టుకునేవి, లో ఈఎస్‌ఆర్‌వి వేస్తే బాగానే నడుస్తాయి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో మంచివీ దొరుకుతాయి, పాత బోర్డుల నుంచి పీకి తుడిచి అమ్మేవీ దొరుకుతాయి, చూసి కొనాలి. రెండోది, ఫ్యూజు నల్లగా మాడినది. న్యూట్రల్ తెగి ఇంట్లోకి 400 వోల్టుల దాకా వచ్చినప్పుడు ఎంఓవీ (ఎక్కువ వోల్టేజిని అడ్డుకునే పార్టు) పేలుతుంది, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసేది), మాస్‌ఫెట్ (స్విచింగ్ ట్రాన్సిస్టర్) కూడా షార్ట్ అవుతాయి. అలాంటిదానికి ఫ్యూజు ఒక్కటే మార్చి కరెంటు ఇస్తే ఢామ్మంటుంది, అందుకే కరెంటు లైన్‌లో వరసగా ఒక బల్బు పెట్టి, ఆ సిరీస్ బల్బు మీదే ఆన్ చేస్తాం, బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టే. చౌక సప్లైలో ప్రైమరీ, అంటే మెయిన్ కరెంటు వచ్చే వైపు, పోతే నేను ముట్టుకోను. ఒక పార్టు మారిస్తే ఇంకోటి పోతుంది, చివరికి కస్టమర్‌తో గొడవ. సెకండరీ అయితే చేస్తా.

ఇంకో మాట, ఖమ్మం గారూ, మీరు మాత్రం డబ్బా విప్పకండి. 230 వోల్టులు రెక్టిఫై అయ్యాక పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు నిలుస్తుంది.

లోడ్‌టెస్టర్:
బెంచ్ అన్న చెప్పిన దాంట్లో చౌక అన్న మాటే నా పాయింట్. ఖమ్మం గారూ, స్టిక్కర్ మీద పసుపు లైన్‌కు ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. అలాగే ఏమీ కలపకుండా, స్విచ్ మాత్రం వేసి ఊదా వైరు మీద వోల్టేజి చూడండి, అది స్టాండ్‌బై, అంటే పీసీ ఆన్ చేయకపోయినా వచ్చే లైన్, ఎప్పుడూ 5 ఉండాలి.

ఖమ్మం_పీసీ:
12 వోల్టులకు 14 ఆంపియర్లు అని ఉంది. ఊదా వైరు మీద మూడున్నరకూ ఐదుకూ మధ్య ఊగుతోంది. ఆకుపచ్చ వైరు కలిపినా అదే తంతు, ఫ్యాన్ కదిలి ఆగుతోంది.

లోడ్‌టెస్టర్:
12 వోల్టులు, 14 ఆంపియర్లు అంటే 168 వాట్లు. మిగతా లైన్లన్నీ కలిపినా 450 ఎక్కడి నుంచి వస్తాయి? ఆ డబ్బా కొత్తగా ఉన్నప్పుడే 450 కాదు. పైగా పోయింది స్టాండ్‌బై. పాత చౌక డిజైన్లలో ఆ సెక్షన్‌లో చిన్న కెపాసిటర్ ఎండి, 5 వోల్టులు పైకి ఎగబాకి బోర్డులు పోయిన కేసులున్నాయి. దీన్ని బాగు చేయించి అదే మదర్‌బోర్డుకు తగిలించడం నాకైతే నచ్చదు.

సోల్డర్‌పొగ:
ఈ డబ్బా వరకు ఒప్పుకుంటా. కానీ లేబుల్ నిజాయితీగా ఉన్న కంపెనీ సప్లై అయితే ఇదే తప్పుకు స్టాండ్‌బై ఐసీ పక్కనున్న చిన్న కెపాసిటర్, ఉబ్బిన రెండూ మార్చి, లోడు పెట్టి గంటసేపు నడిపి చూసి వాడుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ ఎవడూ బాగు చేయించడు అన్న మాటకే నా అభ్యంతరం.

ఖమ్మం_పీసీ:
సరే, కొత్తది తీసుకుంటా, ఈసారి వాట్లు కాదు, పసుపు లైన్ ఆంపియర్లు చూసి. గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్ 65 వాట్లది. ఎంతుంటే సరిపోతుంది?

కోఠీ_బెంచ్:
పసుపు లైన్ మీద నిజమైన 20 ఆంపియర్లు ఉంటే చాలు, మీకు ఇంకా మిగులుతుంది. పాతది ఆ మెకానిక్‌కే ఇచ్చేయండి, ఫ్యాన్, వైర్లు, హీట్‌సింకులు అతనికి పనికొస్తాయి.